ఎవరూ ఎత్తని సూది

పురానాపూల్ ఎనక గల్లీల ఉన్న ఖూనీ దేవిడి కంటే ఘోరమైన దెయ్యాల కొంప ఈ భూమ్మీద ఇంకోటి లేదు. ఉన్నదని ఎవరన్న చూపిస్తే మీసం తీయించుకుంట.

భూమ్మీద అంటే... ఈ కథ చెప్పేటోడు చూసిన భూమి మొత్తం అఫ్జల్‌గంజ్ బస్టాండు దాకనే. మీసం గూడ ఇంకా సరిగ్గ మొలవలే. కాబట్టి పందెం సంగతి వదిలేయుండ్రి. దేవిడి అంటే నవాబుల పాత బంగ్లా, దాని సంగతి వినుండ్రి.

నల్లరాతి కమాను, దాని కింద ఏనుగు పట్టేంత తలుపు, తలుపు మీద కోర్టువాళ్ళు వేసిన లక్క ముద్ర. వారసులు ఒకరి మీద ఒకరు దావాలు వేసుకొని నయాపూల్ కాడ వకీళ్ళను సాదుతున్నరు. ఇంటిని మాత్రం గబ్బిలాలకు అప్పజెప్పిండ్రు. మూసీ దిక్కు నుంచి గాలి లేచిందంటే మీది అంతస్తుల ఒక కిటికీ రెక్క కొట్టుకుంటది. టప్... టప్... లోపల ఎవరో ఉండి రమ్మని పిలిచినట్టు.

ఆ ఇంట్ల మంచం మీద పానం పోయినోళ్ళు తక్కువ. పెద్ద నవాబు తమ్ముని గొంతు నడివాకిట్ల నీళ్ళ హౌజు కాడ కోసిండ్రట — నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా ఎర్రగనే ఊరేటివట. ఒక చౌకీదారును వాడు పెంచుకున్న కుక్కలే పీక్కతిన్నయట. నిజానికి వాణ్ణి ముందు ఎవరో గొడ్డలితోని నరికిండ్రు, కుక్కలు తర్వాత తిన్నయి. కానీ గల్లీల కథ చెప్పేటోళ్ళు గొడ్డలి ముచ్చట ఎగ్గొడ్తరు. నింద కుక్కల మీద వేస్తే కథకు రుచి ఎక్కువ.

అందరికంటే ఆఖరుగ సచ్చింది చిన్న నవాబు.

లండన్ల చదువుకొని వచ్చిన పోరడు. భుజాల దాక జుట్టు, పూల అంగీ. ఒక గది నిండ ఇంగ్లీషు పాటల ప్లేట్లు, వాటిని మోగించే మిషను. ఒక రాత్రి పాట మోగుతుండంగనే చిన్నాయన కొడుకు కత్తి పట్టుకొని ఆ గదిలకు వచ్చిండు. కడుపుల పొడిచిండు. మెడల పొడిచిండు. పడిపోయినంక, ఎందుకైనా మంచిదని మళ్ళ కడుపుల పొడిచిండు.

గల్లీకి గల్లీ అరుపు విన్నది.

ఒక్క అరుపు గాదు. ఆ...హ్ — అని లేచి, గొంతు తెగినట్టు ఠక్కున ఆగే అరుపు. వెంటనే మళ్ళ అదే. మళ్ళ అదే. పొడిచినోడు పారిపోయిండు — అరుపు ఆగలే. నెత్తురు గడప దాటి వాకిట్లకు వచ్చింది — అరుపు ఆగలే. తెల్లారి పోలీసులు తలుపు పలగ్గొట్టి లోపలికి పోయేదాక, సచ్చిన మనిషి రాత్రంత అరుస్తనే ఉన్నడు.

అప్పటి సంది చీకటి పడ్డంక ఆ గల్లీల ఎవరూ తిరుగరు. కొన్ని రాత్రులు అరుపు మళ్ళ వినవడ్తదని గుసగుసగ చెప్పుకుంటరు.

ఈ కథ విని జనమంత తాయెత్తులు కట్టుకున్నరు. ఇస్సాకు ఒక్కడు విని, సంతోషం పట్టలేక తొడ కొట్టుకున్నడు.

ఇస్సాకు బస్సుల వర్క్‌షాపుల ఫిట్టరు. పురానాపూల్ బస్తీల ఉంటడు. వారమంత ఇంజన్లతోని కుస్తీ పట్టి, గురువారం సాయంత్రం చేతులు కిరోసిన్‌తోని కడుక్కొని జుమెరాత్ బజారుల తేల్తడు. పాత ఇనుము, పాత బూట్లు, నడవని గడియారాల నడుమ వాడు వెతికేది ఒక్కటే — ఇంగ్లీషు రాక్ పాటల ప్లేట్లు. అవి గూడ ఏవి పడితే అవి గాదు. మొదటి అచ్చువి.

ప్లేటు దొరికితే అట్ట మీది బొమ్మ చూడడు. ప్లేటును తీసి వెలుగుకు ఏటవాలుగ పడ్తడు. నడుమ గుండ్రటి కాయితం ఉంటది గద, దాని చుట్టూత పాట గీతలు అయిపోయిన కాడ నున్నటి పట్టీ ఒకటి ఉంటది. అక్కడ బొటనవేలి గోరు ఆనిచ్చి మెల్లగ తిప్పుతడు. కార్ఖానావాళ్ళు చేత్తోని గీకిన గుర్తులు అక్కడనే ఉంటయి. గోటికి గీత తగిలిందంటే కండ్లు మూసుకొనే చెప్పేస్తడు — "ఇది మొదటిది." లేకుంటే — "ఇది నాలుగో అచ్చు, నువ్వే ఉంచుకో, రొట్టె కాల్చుకో."

"గా గోకుడేందిరా! ప్లేటుకు గజ్జి లేసిందా?" అని నవ్వేది సక్కుబాయి. బజారుల పాత సామాను అమ్మే ముసలామె. ఇండ్లు ఖాళీ చేసేటోళ్ళ కాడ ప్లేట్లు దొరికితే ఇస్సాకు కోసం గోనెసంచి కింద దాచిపెడ్తది.

ఇస్సాకు పానమంత ఒక ప్లేటు మీద ఉండె.

మడ్ లాంటర్న్స్ అని లండన్ పోరగాండ్ల గుంపు. వాళ్ళు వేసిందే ఒక్క ప్లేటు. పాటలన్నీ అయిపోయినంక సూది పోయి పోయి ఆఖరి చుట్టుల పడ్తది — మామూలు ప్లేట్లల్ల అక్కడ కిరకిర తప్ప ఏముండదు. ఈ కొంటె పోరగాండ్లు ఆ ఆఖరి చుట్టుల ఒక చావు అరుపు పెట్టిండ్రు. సూది దాంట్ల పడ్డదంటే ఇగ బయటికి రాలేదు. తిరుగుతది... అరుపు. తిరుగుతది... అరుపు. ఎవరో ఒకరు వచ్చి సూది ఎత్తేదాక అంతే. ఇండ్లల్ల పిల్లలు జడుసుకుంటున్నరని కంపెనీ పెద్దలు మొత్తుకొని, రెండో అచ్చుల ఆ అరుపు తీసేయించిండ్రు. మొదటి అచ్చుల మాత్రం అరుపు ఉంటది, నున్నటి పట్టీ మీద చేత్తోని గీకిన చిన్న కత్తెర గుర్తు ఉంటది.

ఇప్పుడు సమజయ్యిందా? సచ్చిన మనిషి తెల్లారిందాక అరిచిండని గల్లీ మొత్తం వణికిపోతుంటే, ఇస్సాకుకు అది దెయ్యం కథ లెక్క వినవడలే. కత్తెర గుర్తు ప్లేటుకు ఎవరో చిరునామా చెప్పినట్టు వినవడ్డది.

వాని కడుపుల ముచ్చట దాగదు. శుక్రవారం చార్మినార్ కాడి ఇరానీ హోటల్ల శ్రీహరిరావు ముంగట కక్కేసిండు.

శ్రీహరిరావు గుంటూరు దిక్కు నుంచి వచ్చిన సర్కారు ఆఫీసరు. మడత నలగని ప్యాంటు, జేబుల చిన్న టార్చి, ఇంకో జేబుల భూతద్దం. ఆయనకూ ఇదే పిచ్చి. ఇద్దరూ దోస్తులే — ఒకే ప్లేటు మీద ఇద్దరి కండ్లు పడనంత సేపు.

"ఏమయ్యా ఇస్సాకూ, హత్య జరిగిన రాత్రి మోగింది ఆ ప్లేటే అంటావా?"

"అనుడేంది రావు సాబ్! ఆ అరుపు నాకు ఎర్క. సికింద్రాబాద్‌ల ఒక దొర ఇంట్ల విన్న. లేస్తది... ఠక్కున తెగుతది. గల్లీవాళ్ళు చెప్పేది అచ్చం గదే."

"నీ చెవి చాలా గొప్పదయ్యా. ఒకసారి మా ఇంటికి రాకూడదూ? నీ ప్లేట్లు పట్టుకొస్తే తీరిగ్గా విందాం."

"మీ సూది మొద్దు సాబ్. నా ప్లేట్లు గీరుకపోతయి."

రావు నవ్వి చాయ్ ఊదుకున్నడు. ఇస్సాకు అక్కడ ఆగితే బాగుండు. ఆగలే.

"దేవిడికి కోర్టువాళ్ళు కాపలా పెట్టిన దుర్గయ్య లేడూ... వాడే లోపలి సామాను గుట్టుగ అమ్ముకుంటున్నడట. సక్కుబాయి చెప్పింది. రేపు పొద్దుగూకినంక ఎనక తలుపు కాడికి పోతున్న. ప్లేట్ల పెట్టె అట్లనే ఉన్నదట..."

రావు చాయ్ సగంల వదిలి లేచిండు. "పనుంది, వస్తానయ్యా" అన్నడు. ఆయన పోయినంక, ఆ సగం చాయ్ దిక్కు చూసుకుంట ఇస్సాకు తన నోటిని తనే తిట్టుకున్నడు.

తెల్లారి శనివారం. దినం బాగలేకుంటే అన్నీ ఒక్కసారే అడ్డం పడ్తయి — ఒక బస్సు గేరుబాక్సు ఇస్సాకును చీకటి పడేదాక పట్టుకున్నది. వాడు ఉరికి ఉరికి గల్లీ మొదట్లకు వచ్చేసరికి కరెంటు పోయింది. పాన్ డబ్బాల ఒక చిన్న బుడ్డి వెలుగుతున్నది. పక్కన గుడిసె ముంగట సక్కుబాయి.

"పోకు బిడ్డా," అన్నది మెల్లగ. "మొన్న రాత్రి గూడ వినవడ్డదట."

"నేను పోయేదే దానికోసం అవ్వా!"

"నీ తెలివికి నిప్పు పెట్ట. రావు సాబ్ గూడ పొద్దుగూకంగనే పోయిండు. ఇంకా రాలే..."

ఇస్సాకు గుండె గుభేలుమన్నది. రావుకు ఏమైందో అని గాదు. ప్లేటు ఏమైందో అని.

గల్లీల అడుగు పెట్టిండు. చీకటి. మూసీ నుంచి వచ్చే కుళ్ళు వాసన. పైన కిటికీ రెక్క... టప్... టప్...

అప్పుడు వినవడ్డది.

ఆ...హ్ —

ఠక్కున తెగింది.

ఆ...హ్ —

ఎనక పాన్ డబ్బా తలుపు ధడేల్‌మని పడ్డది. బుడ్డి ఆరింది. డబ్బా మనిషి చెప్పులు వదిలి ఉరికిన చప్పుడు. సక్కుబాయి దేవుళ్ళ పేర్లన్నీ ఒక్క ఊపిరిల చదువుతున్నది.

ఇస్సాకు మాత్రం నిలవడ్డ చోటనే నిలవడి, కండ్లు మూసుకొని, తొడ మీద వేలితోని తాళం వేసిండు. ప్లేటు ఒక్క చుట్టు తిరిగేంత సేపు... అరుపు. మళ్ళ అంతే సేపు... మళ్ళ అరుపు. వెంట్రుకంత తేడా లేదు. మనిషి గొంతు అట్ల ఒకటే కొలతల అరుస్తదా? అరువదు. ఇది ఆఖరి చుట్టు. ఇది కత్తెర గుర్తు!

"వాహ్... ఏం అచ్చురా!" అనుకున్నడు. "అరుపుకు ముంగట పీల్చిన ఊపిరి గూడ వినవడ్తున్నది. గొంతుల నెత్తురు అడ్డం పడ్డట్టు చివర్ల ఆ గరగర... వాహ్!"

మరుక్షణమే కడుపు మండింది. రావు ముందుగాల పోయి ప్లేటు చేజిక్కించుకొని, హాయిగ మోగించుకుంటున్నడు!

ఎనక తలుపు ఓరగ తెరిచి ఉన్నది. దూరిండు.

నడివాకిలి. ఎండిపోయిన హౌజు. అరుపు ఇక్కడ ఇంకా గట్టిగ ఉన్నది. కానీ ఏ దిక్కు నుంచో సమజ్ కాలే. కుడి దిక్కు గది నుంచి అనుకొని రెండడుగులు వేస్తే ఎడమ చెవిల అరిచినట్టుండె. ఎడమకు తిరిగితే మెడ ఎనక. ఒక్కసారైతే... చెంపకు చల్లటి గాలి తగిలినట్టు అనిపించింది.

"పెద్ద ఇండ్లల్ల చప్పుడు గిట్లనే తిరుగుతది" అని తనకు తనే చెప్పుకున్నడు. వరండా చివర ఒక తలుపు సందుల నుంచి పచ్చటి వెలుగు. అదే పాటల గది. తలుపు మీద చెయ్యి పెట్టిండు.

ఆ...

అరుపు సగంల తెగింది. ఎవరో సూది ఎత్తినట్టు.

తలుపు చప్పుడు కాకుండ నెట్టిండు.

మొదలు కనవడ్డది టార్చి. కింద పడి, పగిలి. పక్కన భూతద్దం, ఎవరి బూటు కిందనో పడి నుగ్గునుగ్గు. తర్వాత కనవడ్డది నేల మీద నెత్తురు. ఎవరో చీపురుతోని ఊడ్చినట్టు గోడ దాక గీతలు గీతలు.

గోడ కాడ శ్రీహరిరావు.

చేతులు ఎనక్కు కట్టేసి ఉన్నయి. ఒక కన్ను పూర్తిగ మూసుకపోయింది. దవడ ఒక దిక్కుకు జరిగినట్టున్నది. దుర్గయ్య లాంతరు పట్టుకొని ఓ మూలకు నిలవడి వణుకుతున్నడు. భిక్షపతి అని ఒక దున్నపోతు రావు జుట్టు పట్టి లేపి పట్టుకున్నడు. అంజన్ అని ఇంకొకడు, సన్నగ పొడుగ్గ ఉన్నోడు, ఇనుప రాడు తిప్పుతున్నడు. దుర్గయ్య అమ్మే సామాను మోసేటోళ్ళు ఈ ఇద్దరే.

"బోల్ బే! ఎవడు పంపిండు? కోర్టు అమీన్‌వా? అద్దం పెట్టి ఎందుకు చూస్తున్నవ్? సిగరెట్టు డబ్బా మీద నంబర్లు ఎందుకు రాస్తున్నవ్?"

ధన్! — రాడు పక్కల మీద పడ్డది. లోపల ఏదో విరిగిన చప్పుడు.

ఇస్సాకుకు సంగతంత సమజయ్యింది. ప్యాంటు వేసుకున్న ఆఫీసరు వచ్చి, టార్చి వేసి, భూతద్దం పెట్టి, ఒక్కో ప్లేటు నంబరు రాసుకుంటుంటే... ఈ దొంగ నా కొడుకులకు ప్లేట్ల పిచ్చి అంటే ఏం తెలుసు? కోర్టు మనిషి వచ్చి సామాను లెక్క రాస్తున్నడనుకున్నరు.

ఇంకోటి గూడ సమజయ్యింది. గల్లీల కండ్లు మూసుకొని, తాళం వేసుకుంట, "వాహ్" అని మెచ్చుకున్నది ప్లేటును గాదు. మనిషిని. దోస్తును. ఒక్కో దెబ్బకు ఒక్కో అరుపు... అరుపు ఎందుకు ఆగిందంటే, నోట్ల బట్ట గుక్కిండ్రు.

"బోల్ అంటే బోలడేంది బే!" ధన్!

నోట్ల బట్ట గుక్కి జవాబు చెప్పమంటే ఎవడు చెప్తడు? ఆ ముచ్చట ఇద్దరిల ఒక్కనికీ తట్టలే. జవాబు రానప్పుడల్లా రాడు లేస్తున్నది.

ఇస్సాకు నిలవడ్డ కాడ, తలుపు ఎనక చీకట్ల, ఒక కర్ర పెట్టె ఉన్నది. నిండ ప్లేట్లు.

ఇక్కడ వాడు వెంటనే సింహం లెక్క దుంకిండని చెప్తే కథ మస్తుగ ఉంటది. దుంకలే. కండ్లు రావును చూస్తున్నయి... చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుంట పెట్టెలకు పోయింది. అట్టల నుంచి ఒక్కొక్కటే జరుపుకుంట, నున్నటి పట్టీ మీద గోరు ఆనిచ్చుకుంట...

తగిలింది.

రెండు చిన్న సున్నలు. వాటి మీద రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి. కత్తెర.

ప్లేటు అంగీ లోపలికి పోయింది. చల్లగ, రొమ్ముకు ఆని. ఇన్నేండ్లు ఏ ప్లేటు కోసం తిరిగిండో అది గుండె మీద ఉన్నది, తలుపు ఎనక ఉన్నది, గల్లీ ఇరవై బారల దూరంల ఉన్నది. ఒక అడుగు ఎనక్కు వేసిండు.

అప్పుడే రావు తల తిప్పిండు. మంచిగున్న ఒక్క కన్ను సీదా ఇస్సాకు మీద పడ్డది. ఆ కన్ను బతిమిలాడలే. పిలవలే. జర ఎడమ దిక్కుకు కదిలింది — ఎల్లిపో అన్నట్టు.

అంజన్ రాడు రెండు చేతులతోని ఎత్తి రావు మోకాలు మీద వేసిండు.

కాలు ఎనక్కు వంగే దిక్కు గాకుండ ముంగటికి వంగింది.

ఇస్సాకు నోట్ల నుంచి ఏ మాట వచ్చిందో వానికే తెల్వదు. అంజన్ గిర్రున తిరిగి, మనిషిని పూర్తిగ చూడకముందే రాడు విసిరికొట్టిండు. రాడు వచ్చి ఇస్సాకు రొమ్ము మీద పడ్డది.

ఫట్!

ఎముక విరిగిందా, ప్లేటు విరిగిందా... ఇస్సాకు ముందు ప్లేటునే తడుముకున్నడు.

ప్లేటు.

అంగీ గుండీలు తెంపుకొని బయటికి తీసిండు. రెండు ముక్కలు. కత్తెర గుర్తు సరిగ్గ నడుమకు చీలింది.

ఆ తర్వాత అంజన్ మీద పడ్డది వర్క్‌షాపు ఫిట్టరు గాదు. దోస్తు కాలు విరిగింది, కలల ప్లేటు విరిగింది — రెండింటి కోపం ఒక్క మనిషికి ఎక్కితే ఎట్లుంటదో అది. విరిగిన ప్లేటు అంచు గాజు పెంకు కంటే పదును. ఒక్క గీత గీసిండు — చెవి కాడి నుంచి పెదవి దాక అంజన్ చెంప తెరుచుకున్నది. లోపలి పండ్లు లాంతరు వెలుగుల కనవడ్డయి. వాడు చెంప పట్టుకొని కూలవడ్తుంటే మోకాలితోని ముక్కు మీద ఒకటి. నెత్తురు చిమ్మి ఇస్సాకు కండ్లల్ల పడ్డది.

కండ్లు తుడుచుకునేలోపు భిక్షపతి వచ్చి వాని మీద పడ్డడు. ఎడమ చెయ్యి పట్టి ఎనక్కు తిప్పిండు. తిప్పిండు... ఇంకా తిప్పిండు... భుజం కాడ గూటి నుంచి ఊడిన చప్పుడు. ఇస్సాకు తల గోడకు ఒకసారి, రెండోసారి. మూడోసారికి కుడి చేతికి ఏదో బరువైంది దొరికింది. చిన్న నవాబు పాటల మిషను. ఒక్క చేత్తోని లేపి, ఎనక్కు చూడకుండ నెత్తి మీదికెల్లి వేసిండు.

దున్నపోతు అక్కడనే కూసున్నడు. మెల్లగ పక్కకు ఒరిగిండు. నెత్తి మీద మిషను, మిషను కింద నెత్తురు.

దుర్గయ్య లాంతరు పారేసి ఉరికిండు. వంతెన కాడ దొరికిండు. సక్కుబాయి అప్పటికే గల్లీ గల్లీ తిరిగి, "మా పోరణ్ణి దెయ్యం తింటున్నది, మగోళ్ళు ఎవరన్న ఉన్నరా!" అని లొల్లి పెట్టి, కట్టెలతోని జనాన్ని పోగు చేసింది. దెయ్యం కోసం తెచ్చిన కట్టెలు దుర్గయ్య ఈపు మీద పనికొచ్చినయి.

చీకట్ల ఇస్సాకు పాక్కుంట పోయి రావు నోట్ల బట్ట గుంజేసిండు. బట్టతోని ఒక పన్ను గూడ వచ్చింది.

"ప్లేటు... దొరికిందా?" అన్నడు రావు.

ఇస్సాకు ఏడ్చిండు.

దవాఖానల ఇద్దరికీ పక్కపక్క మంచాలు. రావు కాలు కట్టు కట్టి మీదికి వేలాడేసిండ్రు. ఇస్సాకు చెయ్యి మెడకు వేసిన జోలెల ఉన్నది, తలకు పట్టీ. వార్డుల ఉన్నోళ్ళందరికీ వాడే హీరో. "దెయ్యం అరుస్తున్నా లోపలికి పోయిండంట!" అని చూడవచ్చేటోళ్ళు, ముట్టుకొని పోయేటోళ్ళు. వాడు గూడ దిండు ఎత్తుగ పెట్టించుకొని, "దోస్తు అరుపు వింటే ఎవడు ఆగుతడు భాయ్" అని గంభీరంగ చెప్పుడు మొదలుపెట్టిండు.

సాయంత్రం సక్కుబాయి బత్తాయిలు పట్టుకొచ్చింది. ఠాణా ముచ్చట గూడ పట్టుకొచ్చింది.

"ఆ చెంప తెగినోడు ఏమంటున్నడో ఎర్కేనా? మేము లోపల కొడ్తుంటే బయట వాకిట్ల ఎవడో ఒకటే తీరుగ అరుస్తుండె, దుర్గయ్యను చూసిరమ్మంటే భయపడి పోలే, అని. నువ్వే అరుసుకుంట వచ్చినవనుకున్నరట."

"నేనెందుకు అరుస్తనే అవ్వా? రావు సాబ్ అరిచింది. దెబ్బలకు."

పక్క మంచం మీద రావు మెల్లగ తల తిప్పిండు.

"నేను అరవలేదు ఇస్సాకూ."

"అరిచినవ్ సాబ్. గల్లీ దాక వినవడ్డది. తర్వాత నోట్ల బట్ట గుక్కిండ్రు గద."

"తర్వాత కాదయ్యా. పట్టుకోగానే కుక్కారు. మొదటి దెబ్బకు ముందే. నువ్వు తీసేదాకా అది నా నోట్లోనే ఉంది." రావు గొంతు తగ్గింది. "అరుపు నేనూ విన్నాను. వాకిట్లోంచి వచ్చింది. నువ్వు నాకు కనపడే కాస్త ముందు... ఆగిపోయింది."

సక్కుబాయి చేతిల బత్తాయి కింద పడి దొర్లింది. ఎవరూ తీయలే.

"అయితే మిషను..." అన్నడు ఇస్సాకు. "మిషను మోగి ఉంటది."

"ఆ ఇంటికి కరెంటు తీసేసి ఏళ్ళయింది. అది సరే... నేను వెళ్ళగానే ముందు భూతద్దం పెట్టి చూసింది ఆ మిషన్నే. సూది పట్టే చెయ్యి ఉంది. దానికి సూది లేదు."

పక్క మంచాలోళ్ళు గూడ మోచేతుల మీద లేచి వింటున్నరు. ఎవరో దగ్గబోయి నోరు మూసుకున్నరు.

రావు కష్టం మీద ఇటు దిక్కు వంగిండు.

"చూడు ఇస్సాకూ, ప్లేటు ముక్కలైపోయింది. ఇంక ఎవర్నీ అడగలేం. ఈ ఊళ్ళో ఆ ప్లేటు విన్నవాడివి నువ్వొక్కడివే. వాకిట్లో విన్నది... ఆ ప్లేట్లో అరుపేనా? లేకపోతే..."

"లేకుంటే ఏంది?" అన్నది సక్కుబాయి గుసగుసగ.

"లేకపోతే, చిన్న నవాబుది. నీ చెవి గొప్పది కదయ్యా. నువ్వే చెప్పాలి. అదా... ఇదా?"

అందరి కండ్లు ఇస్సాకు మీద ఉన్నయి. వాడు దిండు సర్దుకున్నడు. పట్టీ సర్దుకున్నడు. కిటికీ దిక్కు చూసిండు. బయట చీకటి పడుతున్నది.

"సికింద్రాబాద్‌ల దొర..." అని మొదలుపెట్టి ఆగిండు.

"చెప్పు."

"దొర గిర ఎవడూ లేడు సాబ్."

"అంటే?"

"ఆ అరుపు ఎట్లుంటదో నాకు తెల్వదు. బజారుల ఎవడో చెప్తే విన్న, గంతే."

"సరే, మిగతా ప్లేట్లు విన్న అనుభవంతో చెప్పవయ్యా! ప్లేటు చప్పుడుకీ మనిషి గొంతుకీ నీకు తేడా తెలీదూ?"

ఇస్సాకు తలకాయ మొత్తం దుప్పట్ల దూర్చిండు. లోపలి నుంచి మాట సన్నగ వచ్చింది.

"నా ఇంట్ల మిషను లేదు రావు సాబ్. ఎన్నడూ లేకుండె. నా కాడున్న ప్లేట్లల్ల ఒక్కటి గూడ... ఒక్కటంటే ఒక్కటి గూడ... ఇప్పటిదాక నేను విన్లే."